పొట్టకి వేలు, అంచుకి మూడు

హైదరాబాద్,
21 జూలై 2024

తాతకు సలాం. జేజికి కూడా.

ఫోన్ చేస్తే నీకు సగమే వినిపిస్తుంది. మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. పోయిన శుక్రవారం నేను ‘గ్రీకు’ అంటే ‘క్రీకు’ అనుకుని, ఉప్పుటేరు మీద వంతెన కడుతున్నారా అని అడిగావు. అందుకే ఈ ఉత్తరం. ఇక నుంచి చదువు సంగతులన్నీ ఉత్తరాల్లోనే రాస్తాను.

నేను నేర్చుకుంటున్నది పాత గ్రీకు భాష. ఎం.ఏ. రెండో ఏడు మొదలైంది. పరంజ్యోతి మేడం దగ్గర ఈ భాష చదివేవాళ్ళం నలుగురమే. ఒక్కో మాట విప్పి చూస్తుంటే నాకు అన్నం కూడా గుర్తుండడం లేదు. ‘కేంద్రం’ అంటాం కదా, జిల్లా కేంద్రం, పోలింగ్ కేంద్రం? అది గ్రీకు మాటే. వాళ్ళ ‘కెంత్రోన్’. దాని మొదటి అర్థం ఏమిటో తెలుసా? గుచ్చే మొన. నెల్లూరు జిల్లా కేంద్రం అన్న ప్రతి బోర్డులోనూ ఒక సూది మొన ఉంది తాతా. ఇది చదివిన రోజు కుట్టు మిషను ముందు నువ్వు గుర్తొచ్చావు.

అసలు సంగతికి వస్తాను. ఈజిప్టులో, ఎర్ర సముద్రం ఒడ్డున ఒక పాత రేవులో, జమ్ములాంటి మొక్కతో చేసిన కాగితం ముక్క దొరికింది. పోస్టుకార్డులో సగం ఉంటుంది. రెండు వేల ఏళ్ళ నాటిది. దాని మీద ఒక పాట ఉంది. రాసినవాడి పేరు లేదు. వందేళ్ళ కిందట పండితులు ఒకసారి చదివి, సిరా వెలిసిపోయిన చోట్ల ఊహతో పూరించారు. ఇప్పుడు కొత్త రకం ఫోటోలు తీస్తే, వెలిసిన అక్షరాలు కొన్ని పైకి లేచాయి. మేడం, బయటి దేశాల పండితులు ఇద్దరు కలిసి దాన్ని మళ్ళీ చదువుతున్నారు. పాటలోని ప్రతి మాటా ఇంకెక్కడెక్కడ వచ్చిందో వెతికి పట్టిక రాయడం నా పని. పాట ఇది:

లాగకు తమ్ముడా, లాగకు,
గాలి వచ్చి తానే లాగుతుంది.
కడుపుకి ఒక వేలు,
అంచుకి మూడు వేళ్ళు.

ఇంకో పంక్తి ఉంది కానీ అక్కడ కాగితం చిరిగిపోయింది.

పండితులు దీన్ని ‘ఆకలి పాట’ అంటారు. ఓడలో రొట్టె తక్కువైంది. లాక్కోవద్దని ఒకరినొకరు వారించుకుంటున్నారు. కడుపుకి ఒక వేలంత ముక్క, ఓడ అంచున కాపలా ఉన్నవాడికి మూడు వేళ్ళంత. అనువదిస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. జేజికి చదివి వినిపించు.

నీ సాహిరా

*

విడవలూరు,
4 ఆగస్టు 2024

సాహిరాకు తాత దువా.

నీ ఉత్తరం అందినాది. రెండుసార్లు చదివినా. మీ జేజికి చదివినా. ముత్యాలయ్యకి కూడా చదివినా. తెలుసు గదా, రామతీర్థం కాడ పడవ ఉండే ఆయన. “ఇమామ్ సాయిబూ, నీ మనవరాలు చచ్చినోళ్ళ భాష నేర్చుకుంటా ఉందే, ఎవురితో మాట్లాడతాది?” అన్నాడు. “నీతో మాట్లాడేదానికంటే మేలే, వాళ్ళు మాటకి అడ్డం రారు” అన్నా.

అమ్మా, నువ్వు ఏడవబాకు. అది తిండి పాట కాదు. కుట్టు పాట.

నువ్వు పుట్టేటప్పటికి నేను స్కూలు పిల్లోళ్ళ నిక్కర్లు, చొక్కాలే కుడతా ఉన్నా. అంతకు ముందు ముప్పై ఏండ్లు నేను కుట్టింది తెరచాపలు. ఊటుకూరు నుంచి రామతీర్థం దాకా ఏ పడవ మీద చూసినా నా చాపే ఉండేది. ఇంజన్లు వచ్చినాయి, చాపలు పోయినాయి. ఆఖరి చాప తొంభై ఒకటిలో, ఈ ముత్యాలయ్యకే కుట్టినా.

చాప అంటే ఒక గుడ్డ కాదు. పొడుగు పట్టీలు పక్కపక్కన కలిపి కుడతాం. ఒక పట్టీ మీదికి ఇంకో పట్టీ ఎంత ఎక్కించాల అనేదాంట్లోనే విద్యంతా ఉండాది. నడిమధ్యన ఒక వేలు ఎక్కించాల. అంచుకి పోయేకొద్దీ పెంచుకుంటా మూడు వేళ్ళు ఎక్కించాల. అట్టా చేస్తే నడిమధ్య వదులై గాలికి పొంగుతాది. దాన్ని చాప పొట్ట అంటాం. అంతటా ఒకే కొలత పెట్టినావా, పలక మాదిరి నిలబడతాది, గాలి జారిపోతాది, పడవ కదలదు.

నాకు పని నేర్పిన ఉస్తాదు హజరత్తయ్య. ఆయన కుట్టేటప్పుడు ఇదే పాడేవాడు. ‘పొట్టకి వేలు, అంచుకి మూడు, మూలకి...’ అంతే రాస్తా. మూల కొలత మటుకు రాయను. అది చాప కుట్టినోళ్ళకే చెప్పేది. ఉస్తాదు మాట.

రెండు వేల ఏండ్ల నాడు సముద్రానికి అవతల ఎవురో మా కుట్టే కుట్టినాడంటే రెండు రోజులు నాకు కాలు నేల మీద నిలవలేదు. మీ మేడం గారికి నా సలాం చెప్పు.

మీ తాత
ఇమామ్ సాహెబ్

*

హైదరాబాద్,
18 ఆగస్టు 2024

తాతకు సలాం.

నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీద నిలబడి చదివాను. చెప్పులు మార్చుకోకుండా మేడం గదికి పరుగెత్తాను. ఆమె ఉత్తరం మొత్తం చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చదివింది.

ఎందుకో చెబుతాను. చిరిగిన పంక్తి సంగతి నీకు రాశాను కానీ అందులో ఏముందో రాయలేదు కదా. ఆ పంక్తిలో మొదటి మాట ‘మూలకి’. నేను చెప్పకుండానే నువ్వు రాశావు తాతా. పొట్ట, అంచు, మూల: అదే వరుస.

‘మూలకి’ తర్వాత ఒక అక్షరమూ, ఇంకో అక్షరంలో సగమూ ఉన్నాయి. అక్కడితో కాగితం అయిపోయింది. అక్కడ ఫలానా మాట ఉండి ఉంటుందని పాత పండితులు పూరించారు. ఆ మాట పెడితే అది ఆకలి పాటే అవుతుంది. ఇప్పుడు నువ్వు చెప్పబోయే మూల కొలత ఆ ఒకటిన్నర అక్షరానికి సరిపోతే, వందేళ్ళ నాటి అర్థం మారిపోతుంది. సరిపోకపోతే నీది చక్కటి ఊహగా మిగిలిపోతుంది.

“మీ తాతగారు చెప్పింది బాగుంది. కానీ బాగున్నదల్లా నిజం కాదు సాహిరా. ఆ అక్షరాలేమిటో ఆయనకి పొరపాటున కూడా చెప్పకు. ఊరికే కొలత అడుగు. ఆయన నోటితో వస్తేనే అది సాక్ష్యం” అంది మేడం. డిసెంబర్‌లో ఇక్కడ సదస్సు ఉంది. ఆ ఇద్దరు పండితులూ వస్తున్నారు. వ్యాసం నవంబర్ ఆఖరుకు ఇవ్వాలి. విద్యార్థులెవరికీ ఇవ్వని అరగంట మేడం నాకిచ్చింది. అందుకే అడుగుతున్నాను. మూలకి ఎంత?

వ్యాసం మొదటి పేజీ రాసేశాను. అందులో నువ్వూ ఉన్నావు. నేను రాసింది ఇంగ్లీషులో, నీ కోసం తెలుగు చేస్తున్నాను: “నెల్లూరు తీరానికి చెందిన ఒక స్థానిక సమాచారకుడు తెలిపిన ప్రకారం...” అచ్చులోకి వస్తున్నావు తాతా.

ఇంకో మాట. గ్రీకుల్లో పెద్ద పెద్ద గాథలు పాడేవాళ్ళని ‘రాప్సోడోస్’ అనేవారు. దాన్ని విప్పితే ‘పాట కుట్టేవాడు’. మనం పాట కడతాం, కథ అల్లుతాం. వాళ్ళు కుట్టారు.

నీ సాహిరా

*

విడవలూరు,
5 సెప్టెంబర్ 2024

సాహిరాకు జేజి రహీమున్నీసా దువా.

చెయ్యి మారిందే అనుకుంటున్నావా? ఈ ఉత్తరం నేను రాస్తా ఉండా. మీ తాత చెప్పేది చెప్పినట్టు రాయమన్నాడు. అట్నే రాస్తా. నా మాటలు మధ్యలో నేను పెట్టుకుంటా. ఆయనకి కనపడవు. అదే సంగతి. రెండు కండ్లకీ శుక్లాలు వచ్చినాయి. పోయినసారి రాసిన ఉత్తరం నాలుగు రోజులు పట్టింది ఆయనకి. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. నోటితో చెప్పనన్నా గానీ రాయనని అనలేదు.

ఆపరేషన్‌కి నెల్లూరు రమ్మని డాక్టరు రెండుసార్లు తేదీ ఇచ్చినాడు. ఈయన పోలేదు. “కంటికి కట్టు కట్టినాక సాహిరా ఉత్తరం వస్తే?” అంటాడు. చదివేది నేను గదా అంటే లేచి షాపుకి పోతాడు.

ఇంక ఇక్కడి నుంచి ఆయన మాటలు.

సమాచారకుడు అంటే ఏందమ్మా? నాకు అర్థం గాక ముత్యాలయ్యని అడిగినా. ఆయన నవ్వి, “పోలీసోళ్ళకి కబుర్లు మోసేవాణ్ణి అట్టా అంటారు. ఎవుర్ని పట్టించినావు ఇమామ్ సాయిబూ?” అన్నాడు. బజారంతా అదే మాట ఇప్పుడు. టీ కొట్టు కాడికి పోతే “సమాచారం వస్తా ఉండాది, నోరు మూసుకోండి” అంటా ఉండారు. నేను కూడా నవ్వినా. ఇంటికొచ్చినాక నవ్వు రాలేదు. నేను దర్జీని. చాపలు కుట్టినా. ఆ మాట రాసేదానికి మీ కాగితంలో చోటు లేదా?

(జేజి మాట: ఆ రోజు అన్నం సగమే తిన్నాడు.)

మూల కొలత చాప కుట్టినోళ్ళకే చెప్పేదని ముందే రాసినా. మనవరాలివైనా, మీ మేడం గారు అడిగినా అంతే. గాలి దెబ్బంతా మూల మీద పడతాది. తాడు కట్టేది ఆడ. మూల పోతే చాప పోతాది, మనిషి పోతాడు. కుట్టు తెలియనోడు ఆ కొలత పట్టుకుని పదిమందికి చెబితే, వాడి మాట నమ్మి సముద్రంలోకి పోయేవోడు ఒకడు ఉంటాడు. అందుకే ఉస్తాదు అట్టా కట్టడి పెట్టినాడు.

నీకు కావాలంటే కుట్టు. మీ అమ్మ జబీనా నాయుడుపేటలో ముతక నూలు గుడ్డ కొని పంపింది. రెండు పట్టీలు కత్తిరించి పెట్టినా, కండ్లతో కాదు, చేత్తోనే. ఈ ఉత్తరంతోనే పార్సిల్ పంపుతా ఉండా, దబ్బనం, మైనం రుద్దిన దారం అందులోనే ఉండాయి. రెండూ కలిపి కుట్టి పోస్టులో పంపించు. నిలిచే కుట్టైతే మూల చెబుతా.

తాత

(జేజి మాట: వేలికి గుచ్చుకోకుండా అంగుస్తానా కూడా పెట్టినా. ఆయనకి తెలియదు.)

*

హైదరాబాద్,
22 సెప్టెంబర్ 2024

తాతకు,

నాలుగు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను.

మాటల మీద ప్రేమ అంటూ ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని, నీ గురించి రాయాల్సిన చోట పుస్తకాల్లో కనపడ్డ మాట తెచ్చి అతికించాను. వ్యాసాల్లో అలాగే రాస్తారు. అలా రాస్తే నేనూ పెద్ద పండితురాలినై పోయినట్టు అనిపించింది. నా మాటకి నువ్వు బజారులో నవ్వులపాలయ్యావు. తప్పయింది.

ఇంకొకటి కూడా ఉంది. ఇది నీకు ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ చెప్పకుండా దబ్బనం పట్టుకోలేను. ఇక్కడ చేరేటప్పుడు ఫారంలో ‘కుటుంబ వృత్తి’ అని ఒక గడి ఉంది. నా ముందు నిలబడ్డ అమ్మాయి ‘ప్రొఫెసర్’ అని రాసింది. నేను ‘వస్త్ర వ్యాపారం’ అని రాశాను. అమ్మా అబ్బాలది గాజుల కొట్టు, నన్ను చదివించింది నీ కుట్టు మిషను. రెండింటిలో ఏదీ రాయలేదు. నిన్న ఆఫీసుకెళ్ళి మార్చమని అడిగాను. నిరుటి ఫారం ఇప్పుడెందుకమ్మా అని గుమాస్తా సుశీల్ కుమార్ గారు విసుక్కున్నారు. కారణం చెప్పాను. లేచి బీరువా తెరిచారు. కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, ‘దర్జీ’ అని రాశాను.

కంటి సంగతి జేజి రాసింది. ఆమె మీద కోప్పడకు. ఆపరేషన్‌కి వెళ్ళు తాతా.

కుట్టు పంపుతున్నాను. రెండు మూరల పొడవు. స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీతలు గీసుకుని, తప్పు రాకుండా జాగ్రత్తగా కుట్టాను.

నీ సాహిరా

*

విడవలూరు,
3 అక్టోబర్ 2024

సాహిరాకు దువా.

వేళ్ళతో తడిమి చూసినా. పొట్ట కాడ వేలున్నర ఉండాది. స్కేలుతో కుట్టినావని గుడ్డ చెబుతా ఉండాది. పాటలో స్కేలు లేదు. వేలు ఉండాది.

ఫారంలో దర్జీ అని రాసినావంట. మీ జేజి ఆ ముక్క మూడుసార్లు చదివింది, నేను అడగకుండానే.

విప్పు. మళ్ళీ కుట్టు.

తాత

*

హైదరాబాద్,
20 అక్టోబర్ 2024

తాతకు సలాం.

రెండోది పంపుతున్నాను. ఈసారి స్కేలు ముట్టుకోలేదు.

నా గదిలో ఉండే అమ్మాయి వాణి వాళ్ళ ఊరు సంగం. వరి పండిస్తారు. నేను మంచం మీద కూర్చుని దబ్బనం లాగుతుంటే చూసి, “పుస్తకాల సంచి కుట్టుకుంటున్నావా?” అంది. గ్రీకు చదువుతున్నాను అన్నాను. “మా ఇంట్లో గోనెసంచులకి కూడా ఇదే గ్రీకు” అంది. నవ్వు ఆపుకోలేక వేలికి గుచ్చుకున్నాను. జేజి అంగుస్తానా పెట్టుకోలేదు, నిజం చెబుతున్నాను.

వేలు అంటే గుర్తొచ్చింది. గ్రీకులో వేలుని ‘దక్తులోస్’ అంటారు. పద్యంలో ఒక గణానికి కూడా అదే పేరు. ఒక గురువు, రెండు లఘువులు, అంటే అచ్చంగా మన భగణం. ఆ పేరెందుకో నీ చూపుడు వేలు తడిమి చూడు. మొదలు నుంచి చూస్తే మొదటి కణుపు పొడుగు, తర్వాతి రెండూ పొట్టి. వాళ్ళు గుడ్డని వేలితో కొలిచారు, పద్యాన్నీ వేలితోనే కొలిచారు.

నీ సాహిరా

*

విడవలూరు,
30 అక్టోబర్ 2024

సాహిరాకు దువా.

కొలత కుదిరింది. పొట్ట కాడ వేలు, అంచు కాడ మూడు. కానీ దారం బిగించి లాగినావు. గుడ్డ ముడతలు పడింది. వానకి తడిస్తే ఇంకా బిగుస్తాది, పిగులుతాది. పాట మొదటి మాట ఏందో చదువుకున్నదానివి నువ్వే గదా.

విప్పు.

వేలి కణుపుల మాట ముత్యాలయ్యకి చెప్పినా. సాయంత్రం దాకా తన వేలు తనే చూసుకుంటా కూర్చున్నాడు.

తాత

*

హైదరాబాద్,
10 నవంబర్ 2024

తాతకు సలాం.

‘లాగకు తమ్ముడా, లాగకు, గాలి వచ్చి తానే లాగుతుంది.’

ఈ రెండు పంక్తులూ నాలుగు నెలలుగా నాకు కంఠస్థం. రొట్టె లాక్కోవద్దనే అనుకున్నాను. నువ్వు కుట్టు పాట అన్నాక కూడా, ఆ రెండూ ఊరికే పాట ఎత్తుకోవడానికి పెట్టినవనుకున్నాను. ముడతలు పడ్డ నా కుట్టు విప్పుతుంటే అప్పుడు తలకెక్కింది. దారం లాగకు. వదులుగా వెయ్యి. బిగించే పని గాలిది. అది పని నేర్చుకునేవాడికి ఉస్తాదు చెప్పే మొదటి పాఠం. ఈ సంగతి నాకు ఏ నిఘంటువూ చెప్పలేదు. ముడతలు పడ్డ గుడ్డ చెప్పింది.

మూడోసారి కళ్ళు మూసుకుని కుట్టాను. పాట లోపల పాడుకుంటూ ఉంటే వేలు తనంతట తనే జరిగింది. చివరకొచ్చి కళ్ళు తెరిచాక చూస్తే సగం చోట్ల వంకర. అయినా ముడత లేదు. విప్పమంటే విప్పుతాను.

వ్యాసం ఇవ్వడానికి ఇంకా ఇరవై రోజులే ఉంది. నిన్న మేడం అడిగింది: “ఆ ఒకటిన్నర అక్షరం నీకు తెలుసు. కొలత ఏమై ఉంటుందో నువ్వే ఊహించి రాయొచ్చు కదా?” నన్ను పరీక్షిస్తోందో, నిజంగానే అడుగుతోందో తెలియలేదు. నాకు ఒక ఊహ ఉంది తాతా. కానీ నువ్వు చెప్పేదాకా అది నాది కాదు. రాయనన్నాను. “అయితే కుట్టు” అంది.

నీ సాహిరా

*

విడవలూరు,
18 నవంబర్ 2024

సాహిరాకు దువా.

కుట్టు వంకరగా ఉండాది. నిలుస్తాది.

నా మొదటి చాప కూడా వంకరే. దాన్ని ఉస్తాదు హజరత్తయ్య రామతీర్థం ఒడ్డున ఎత్తి పట్టుకుని గాలికి చూపించినాడు. నీ కుట్టు నేను కూడా అట్నే చేసినా. ముత్యాలయ్య ఒక కొస పట్టుకున్నాడు, నేను ఒక కొస పట్టుకున్నా. గాలి వచ్చింది. పొట్ట పొంగింది. నాకు కనపడలేదు, చేతికి తెలిసింది. “ఇమామ్ సాయిబూ, పిల్ల చాప గాలి పట్టింది గదా” అని ముత్యాలయ్య అరిచినాడు.

ఇంక మూల. ఆడ వేళ్ళు చాలవు. ఇంకో గుడ్డ ముక్క వేసి, దాని మీద కుట్టాల. ఆ ముక్క ఎంత ఉండాలనేది నోటితో చెప్పకుండా ఉస్తాదు నాకు ఎట్టా చూపించినాడో, నీకు అట్నే చూపిస్తా. ఇంకో కాగితం పెట్టినా చూడు. కుట్టినదానివి గాబట్టి ఇంక నువ్వు నలుగురికీ చెప్పొచ్చు.

కంటి ఆపరేషన్ డిసెంబర్ రెండో వారంలో. పోతా ఉండా. మీ జేజి గెలిచింది.

తాత

(జేజి మాట: ఆ కాగితం మీద తన అరచెయ్యి ఆనించి, సుద్దముక్కతో చుట్టూ నన్ను గీయమన్నాడు. గీయడం అయ్యేదాకా చెయ్యి ఎత్తలేదు సాహిరా. సుద్ద రాలిపోతాదని పైన పెన్నుతో దిద్దినా.)

*

హైదరాబాద్,
22 డిసెంబర్ 2024

తాతకు, జేజికి సలాం.

కట్టు విప్పారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇది నీ కళ్ళతోనే చదువుతున్నావని అనుకుంటూ రాస్తున్నాను.

నువ్వు పంపిన కాగితం తెరవగానే పాట ఫోటో తీసి దాని పక్కన పెట్టుకుని చూశాను. మేడం బల్ల మీద ఆ కాగితం పెట్టాను. ఆమె తన చెయ్యి నీ చేతి గీత మీద ఆనించి చూసుకుంది. నీ చెయ్యి పెద్దది.

ఇప్పుడు చెప్పొచ్చు. చిరిగిన చోట ఉన్న అక్షరం, మన లెక్కలో, ‘ప’, ఆ తర్వాత ‘ల’లో సగం. పాత పండితులు దాన్ని ‘పలయ్’ అని పూరించారు. అంటే ‘ఎప్పుడో’ అని. ‘మూలన ఉన్నవాడికి ఎప్పుడో అయిపోయింది’ అని అర్థం చెప్పుకున్నారు. గ్రీకులో అరచేతిని ఏమంటారో తెలుసా తాతా? ‘పలామే’.

కడుపుకి వేలు, అంచుకి మూడు, మూలకి అరచెయ్యి.

సదస్సులో ముందు పాట చదివాను. తర్వాత నా వంకర కుట్టు చూపించాను. ఆఖరున నీ చెయ్యి తెర మీద వేశారు. గోడంత పెద్ద చెయ్యి. వచ్చిన ఇద్దరు పండితుల్లో ఒకావిడ, పాత ఓడల గురించి ముప్పై ఏళ్ళుగా చదువుతున్నావిడ, ఆ రేవు తవ్వకాల్లోనే దొరికిన తెరచాప ముక్కల సంగతి చెప్పింది. అవి మన దేశపు నూలుతో నేసినవట. మూలల్లో అదనంగా గుడ్డ వేసి కుట్టి ఉన్నాయట. ఎంత వెడల్పో ఇప్పుడు వెళ్ళి కొలుస్తానంది. నూలు మనది. కుట్టు కూడా ఇక్కడి నుంచే వెళ్ళిందా అని ఆమె అడిగితే, అది చెప్పడానికి ఆధారం లేదన్నాను. నువ్వైతే మనదే అంటావని తెలుసు.

అందరూ ఒప్పుకున్నారని చెప్పను. రెండో పండితుడు పెద్దాయన. “ఆకలితో ఉన్నవాడు కూడా చెయ్యి చాపుతాడు కదా” అన్నాడు. ఆయన మాట కూడా వ్యాసంలో రాశాను. అయితే మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన తన జేబురుమాలు మడిచి, ఒక వేలు, మూడు వేళ్ళు పెట్టి చూసుకుంటూ ఉండగా మేడం నాకు చూపించింది.

వ్యాసం మొదటి పేజీ మార్చాను. ఇప్పుడు ఇలా ఉంది: “ఈ పాటను కుట్టు పాటగా గుర్తించినవారు విడవలూరులో తెరచాపలు కుట్టిన దర్జీ ఇమామ్ సాహెబ్ గారు.” నా మాట ఏదీ రాకముందే, మొదటి వాక్యంలో. అచ్చు కావడానికి ముందు చూసుకొమ్మని ఇచ్చిన ప్రతి పంపుతున్నాను. ఇంగ్లీషే. నీ పేరు కింద గీత గీశాను.

నీ సాహిరా

*

విడవలూరు,
5 జనవరి 2025

సాహిరాకు తాత దువా.

ఇది నా చేతి రాతే. కండ్లు బాగా కనపడతా ఉండాయి. ఇన్నాళ్ళూ మీ జేజి తన మాటలు ఎన్ని దూర్చిందో పాత ఉత్తరాలు తెప్పించి చూడాల.

కాగితం అందినాది. ఇంగ్లీషు నాకు రాదు గానీ నా పేరు తెలిసింది. గీత గీసినావు గదా. దాన్ని తీసుకుని టీ కొట్టు కాడికి పోయినా. ముత్యాలయ్య ఇటు తిప్పి, అటు తిప్పి చూసి, “సమాచారకుడు పోయినాడే” అన్నాడు. “పోయినాడు. దర్జీ వచ్చినాడు” అన్నా. టీ ఆయన తాపించినాడు. నలభై ఏండ్లలో ఇదే మొదటిసారి. కాగితం ఎవురినీ తాకనీలేదు, చేతులు తుడుచుకుని దూరం నుంచి చూడమన్నా. మసీదు కాడ గోడ కడతా కామాక్షయ్య మేస్త్రి కనపడితే ఆయనకి కూడా చూపించినా. ఆయన అడగలేదు, నేనే పిలిచి చూపించినా.

నీ కుట్టు షాపులో గోడకి కట్టినా. నిక్కరు కొలతలిచ్చేదానికి వచ్చినోళ్ళు అదేందని అడుగుతారు. మా మనవరాలు కుట్టిన చాప అంటా. ఇంత చిన్న చాపతో ఏ పడవ పోతాదని నవ్వుతారు. రెండు వేల ఏండ్లు వెనక్కి పోయి వచ్చిందిలే అంటా.

అంతా బాగుండాది. ఒక్క తప్పు ఉండాది. అరచెయ్యి కాగితం మీద నాదే. కొలత నాది కాదు. హజరత్తయ్యది. ఆయనకి ఎవురు నేర్పినారో నాకు తెలియదు, ఆయన చెప్పలేదు. మీ గ్రీకు పాట కట్టినోడి పేరు కూడా ఎవురికీ తెలియదంటివి. తెలియని పేరు రాయలేం. తెలిసిన పేరు రాయకపోతే మటుకు అది పొట్ట లేని కుట్టే అమ్మా, నిలవదు.

అచ్చు ఇంకా కాలేదు గదా. ఆ మొదటి వాక్యంలో నా పేరుకి ముందు మా ఉస్తాదు పేరు పెట్టాల.

విప్పు. మళ్ళీ కుట్టు.

మీ తాత
హజరత్తయ్య శిష్యుడు ఇమామ్ సాహెబ్